ఎడమచేతి ముడి

ట్యాంకు కడగాలి. కార్బురేటర్ శుభ్రం చేయాలి. పెట్రోలు పైపులన్నీ మార్చాలి. ఇంజను దగ్గరి పైపుకున్న దారం ముడి మాత్రం కొయ్యకూడదు.

తిరుమలరావు రాసిచ్చిన కాగితంలో ఆ చివరి మాట కింద రెండు గీతలున్నాయి. నరసన్నపేట మెకానిక్ సూరయ్య పాత ఫియట్ బానెట్ ఎత్తి తల గోక్కున్నాడు.

“ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతన్నారు బాబూ. పాత రబ్బరుకి అది పడదు. ఎలా ఉబ్బి పగిలిందో సూడండి! ముడి కొయ్యకుండా పైపెలా తీస్తాను?”

“విప్పి, కొత్త పైపుకి మళ్లీ కట్టాలి.”

“ఇది వల ముడి. నా వల్ల కాదు.” సూరయ్య రోడ్డు మీదికి కేకేశాడు. “ఒసే దానమ్మా! ఓపాలిలా రా!”

దానమ్మ చేపల గంప దించింది. ముడి మీద వేలు పెట్టి ఆగిపోయింది.

“ఎడం సేత్తో కట్టిన ముడిది. ఎవులు కట్టినారు బాబూ?”

“పేరు తెలీదమ్మా. పందొమ్మిదేళ్ల కిందట, నాగులచవితి ముందురోజు, మా ఆవిడకి నొప్పులొస్తుంటే కళింగపట్నం రోడ్డులో పైపు క్లిప్పు తెగింది. ఎవరో ఒకాయన భుజం మీది వల అంచు కోసి, ఆ దారంతో కట్టాడు. ఆసుపత్రికి చేరిన గంటకే మా ఉష పుట్టింది. అటు వెళ్లినప్పుడల్లా అడుగుతూనే ఉన్నాను. పిల్లని ఒక్కసారి ఆయనకి చూపించాలి.”

“ఆయన ఏటైనా తిన్నాడా?”

“ఏటే నీ యవ్వారం! సేపలు కుళ్లిపోతాయి, ముందు ముడి ఇప్పు,” అని సూరయ్య కసిరాడు.

తిరుమలరావు నవ్వాడు. “మా ఆవిడ జంతికలిచ్చింది. సముద్రం మీద వేటకి వేళైందంటూ నములుతూనే పరుగెత్తాడు.”

దానమ్మ తలూపి ముడి విప్పింది. సూరయ్య కొత్త పైపు తొడిగి క్లిప్పు బిగించాక, దాని పక్కనే అదే దారాన్ని ఎడమచేత్తో చుట్టి కట్టింది.

“అచ్చం అలాగే ఉంది! నీదీ ఎడమచేతి వాటమా?”

“కాదు బాబూ. సూసి నేర్సుకున్నాను.”

“అయితే ఆయన్ని ఎరుగుదువా! ఎక్కడుంటాడు? కారెక్కు, ఇప్పుడే వెళ్దాం.”

దానమ్మ గంప నెత్తికెత్తుకుంది.

“ఆ వేట నుంచి ఇంకా రానేదు.”

సూరయ్య చేతిలో పానా ఆగిపోయింది. తిరుమలరావు తెరిచిన కారు తలుపు మూసేశాడు.

“పేరైనా చెప్పమ్మా. మా పిల్లకి చెబుతాను, గుర్తుంచుకుంటుంది.”

దానమ్మ సూరయ్య వైపు తిరిగింది.

“నువ్వు సెప్పన్నా, మొగుడి పేరు నేను పలక్కూడదు.”