తిరిగి రాని శబ్దం

“ఊపిరి బిగబట్టండి అత్తయ్యా.”

చల్లటి జెల్ మీద జారుతూ జారుతూ స్కానింగ్ ప్రోబ్ అత్తగారి కుడి డొక్క కింద ఆగింది. దాన్ని పట్టుకున్న స్కానింగ్ డాక్టరైన కోడలి చూపు తెరకు అతుక్కుపోయింది.

“ఆ నల్లగా ఉన్నదేమిటే?”

“నీళ్లు. ఈ మెషీన్ లోపలికి పంపే శబ్దం నీళ్లలోంచి సాగిపోతుంది, తిరిగి రాదు. అందుకే నలుపు. గట్టిదానికి తగిలితే తిరిగొస్తుంది, తెల్లగా కనిపిస్తుంది.”

“మరి ఆ నలుపు మధ్యలో తెల్లగా ఉందే?”

కోడలు తెరను అటు తిప్పేసింది. “ఏం లేదత్తయ్యా. మీరు కంగారుపడకండి.”

ఆ మెత్తని మాటకు అత్తగారు ఉలిక్కిపడింది. కాపురానికొచ్చిన నాటినుంచి ఒక్క మాటైనా మెత్తగా అనని పిల్ల! ఒకటంటే రెండు అంటించే నోరు! ఆ నోరు మళ్లీ లేస్తే చాలు, తనకు ఏ రోగమూ లేనట్టే.

“వంటలాగే ఇదీ సగం సగమే నేర్చావా?” అని ఎత్తిపొడిచింది.

జవాబు లేదు.

“నీ మొహం చూస్తే రోగం కూడా దాక్కుంటుందే!”

జవాబు లేదు. కోడలు ఇంకాస్త జెల్ వేసి, అదే చోట మళ్లీ చూసింది.

“అనవే! ఒక్క మాట తిట్టు. నీ కాళ్లు పట్టుకుంటా, తిట్టవే!”

కోడలు పెదవి కరుచుకుని ఊపిరి బిగబట్టింది.

ఇన్నాళ్లూ ఏ మాట విసిరినా ఠంగున తిరిగొస్తుంటే, ఈ పిల్ల లోపలంతా రాయేననుకుంది ఆమె. ఇప్పుడు విసిరినవన్నీ లోపలికి సాగిపోతున్నాయి. ఒక్కటీ తిరిగి రావడం లేదు.

అత్తగారు మెల్లగా చెయ్యి చాచి, జెల్ అంటిన కోడలి చేతిని పట్టుకుంది.

“చాల్లే తల్లీ,” అంది. “ఇక ఊపిరి వదులు.”