పోయిన నెలా ఇంతే

"రెండోసారి రక్తం తీయకుండా ఇంటికెట్లా పంపిస్తారు డాక్టర్?" వినుత మంచం పక్కనుంచి కదలలేదు.

కొత్తగా చేరిన కుర్ర డాక్టరు కిశోర్ రిపోర్టు మడవబోయి ఆగాడు. మంచం మీద వినుత తండ్రి అంజినప్ప ఛాతీ మీద అరచెయ్యి ఆనించుకుని పడుకున్నాడు. పొద్దున పాలక్యాను ఎత్తుతూ కూలబడితే, మండికల్ నుంచి చిక్కబళ్ళాపురకు ఆటోలో తెచ్చారు. కబురు తెలిసి వినుత చింతామణిలో బడి వదిలి బస్సెక్కింది. ఆమె వచ్చేసరికే తల్లి మునిరత్నమ్మ పాల సంఘం ఇచ్చిన ఆరోగ్య కార్డు చూపించి ఆసుపత్రిలో చేర్పించింది.

"మీరేం చేస్తుంటారు?" అన్నాడు డాక్టరు.

"హైస్కూల్లో సైన్స్ చెప్తాను."

"అయితే మీకు చెప్పడం సులభం. గుండె కండరం దెబ్బతింటే ట్రోపోనిన్ అనేది రక్తంలోకి వస్తుంది. మీ నాన్నగారికి అది ఉండాల్సినదానికన్నా కొంచెం ఎక్కువే ఉంది."

"అందుకే అడుగుతున్నాను. కొన్ని గంటలాగి మళ్ళీ చూడాలి కదా, పెరుగుతోందో లేదో!"

"నిజమే, పెరుగుతోందా అన్నదే అసలు సంగతి. కిడ్నీలు సరిగా పనిచేయనివాళ్ళకు ఇది ఎప్పుడూ కొంచెం ఎక్కువగానే ఉండొచ్చు. పోయిన నెల ఇక్కడే చేసిన పరీక్షలో కూడా ఈయనకు దాదాపు ఇంతే ఉంది. పెరగలేదు. ఈసీజీ బాగుంది. బరువెత్తి కండరం పట్టేసింది, అంతే."

పోయిన నెలా? కిడ్నీలా? వినుత తల్లి వైపు తిరిగింది. మునిరత్నమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నేల చూస్తోంది.

డాక్టరు పక్క మంచం దగ్గరికి పోగానే వినుత తల్లి చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళ నుంచమ్మా ఇది?"

"మెల్లగా. ఆయప్ప వింటాడు."

"వింటే ఏం? ఆయనకు తెలియని సంగతా? తెలియంది నాకే."

"ఇంటికి పోయినాక అన్నీ చెప్తా. ఈడ నోరెత్తొద్దు పాపా, నీకు దండం పెడతా. డాక్టరే ఏమీ లేదన్నాడు కదా, ఇంకేం కావల్ల నీకు?"

వినుత తల్లి చెయ్యి వదిలేసింది. అవ్వ పోయిన సంగతి కూడా పరీక్షలు రాసి వచ్చాకే చెప్పిన ఇల్లది. పెద్దనాయన రామచంద్రప్ప ఏడాదిగా కిడ్నీ జబ్బుతో ఉప్పులేని కూడు తింటున్నాడు. ఇప్పుడు ఆయన తమ్ముడైన నాయనకూ అదే వచ్చిందన్నమాట. అందరూ కలిసి తన దగ్గర దాచారన్నమాట.

"మీ అమ్మను గదమాయించొద్దు పాపా," అన్నాడు అంజినప్ప. "పోదాం పా. సాయంత్రం పాలు పిండల్ల. ఆ సీమావు నేను కూసుంటే తప్ప పాలు చేపదు."

"చేపకపోతే మానె. నొప్పి ఉండాదా లేదా, అది చెప్పు నాయనా."

"ఉండాది. డాక్టరు లేదంటాంటే నేను ఉండాదని యాడ చెప్పుకునేది?"

నవ్వాడు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. చెయ్యి మళ్ళీ ఛాతీ మీదికి పోయింది.

వినుత డాక్టరు వెనకాలే వెళ్ళింది. "నొప్పి తగ్గలేదంటున్నారు. ఒక్కసారి మళ్ళీ చూడండి. మీకు పుణ్యముంటుంది."

అతను విసుక్కోలేదు. "టీచరమ్మా, పిల్లవాడు చదువులో ముందుకు పోతున్నాడా వెనక్కి పోతున్నాడా అని ఎట్లా తెలుసుకుంటారు? పోయిన పరీక్ష మార్కులు పక్కన పెట్టుకుని చూస్తారు కదా! నేనూ అదే చేశాను. పాత రిపోర్టు లేకపోతే నేనే కదలనివ్వను."

ఒక్క కొలతతో ఏదీ తేల్చకూడదని, పోల్చి చూడాలని, పిల్లలకు చెప్పేది తనే. వినుత డాక్టరు మాటలో తప్పు ఎక్కడుందో వెతికింది. కనబడలేదు. నొప్పి మాత్ర చీటీ పట్టుకుని వెనక్కి వచ్చింది.

ఆటోలో అంజినప్ప ఇద్దరి మధ్య కూర్చున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది.

"ఎండలే," అన్నాడు, కూతురు అడగకముందే.

"కిడ్నీ మాట నాకెందుకు చెప్పలేదు నాయనా? నేను పరాయిదాన్నా?"

"పిచ్చిదానా. నాకేమీ లేదు. ఇంటికి పోనీ, నువ్వే నవ్వుతావు." కూతురి భుజం మీద తల వాల్చాడు. "సీమావుకు బూసా నానబెట్టమని చెప్పు మీ అమ్మకు."

వినుత కోపంగా బయటికి చూస్తూ కూర్చుంది. డాక్టరు చెప్పిన మాటే లోపల అప్పజెప్పుకుంటోంది. పెరగలేదు. పోయిన నెలా ఇంతే. తండ్రి తల బరువుగా తగులుతోంది. నిద్రపట్టిందిలే అనుకుని భుజం కదపలేదు.

ఆటో ఇంటిముందు ఆగింది.

"నాయనా, ఇల్లొచ్చింది."

తల లేవలేదు.

"నాయనా." చెయ్యి పట్టి కదిపింది. ఆ చెయ్యి జారి ఆమె ఒళ్ళో పడింది.

"ఏమయ్యా, లెయ్," అంది మునిరత్నమ్మ.

ఇంకా ఏమీ తెలియని రామచంద్రప్ప చేతికర్ర ఆనించుకుంటూ వాకిలి దాటి ఎదురొచ్చాడు. ముఖమంతా సంతోషం.

"ఇంత బిన్నా, పొద్దుగూకకముందే పంపించినారంటే గండం గడిచినట్లే! నా కార్డు పనికొచ్చింది కదా? సంఘంలో పాలన్నీ నా పేరు మీదే పోస్తాంటే, వానికి వేరే కార్డు యాడిది! మా ఇద్దరి మొకాలూ ఒకటే, ఎవరూ కనిపెట్టరని నేనే ఇచ్చి పంపిస్తి."

ఆయన ఆటోలోకి వంగి, గొంతు తగ్గించి అడిగాడు.

"పోయిన నెల నాకు రక్తం చూసినోడు కాదు కదా పాపా, ఈ డాక్టరు?"