పాప కుర్చీ

రండమ్మా రండి, కుర్చీలు ఇటు లాక్కోండి. పింకీ, ఆ ఫోను జేబులో పెట్టు. భానుప్రసాద్ గారూ, మీ ఆఫీసు గొడవ రేపు చెప్పుకోవచ్చు, కాసేపు ఆ నోటికి సెలవివ్వండి. మన గంగాలిన్ పేటలో ఉండే లీల ద్రాక్షతోటల మీద దండెత్తిన కథ ఇది. ఇందులో ఒక్క అబద్ధం కూడా లేదు. రెండు మూడు ఉంటే ఉండొచ్చు.

ఆ ఆదివారం మధ్యాహ్నం లీల కారు ముందు సీట్లో కూర్చుని బుసలు కొడుతోంది. ఆ బుసలకి అద్దాలు మసకబారితే, మొగుడు ఉపేంద్ర ఒక చేత్తో స్టీరింగు తిప్పుతూ రెండో చేత్తో తుడుచుకుంటున్నాడు. వెనక బేబీ సీట్లో ఐదు నెలల అక్షర కాలి బొటనవేలు నోట్లో పెట్టుకుని తన లోకంలో తానుంది.

"పసిపిల్లలకి ప్రవేశం లేదట! రెండు ద్రాక్షతోట హోటళ్ళలోనూ అదే మాట. నా కూతురు లోపలికొస్తే వాళ్ళ వైను విరిగిపోతుందా, పాలల్లే?"

"పోనీ ఇంటికెళ్ళిపోదాం లీలా. పరమాన్నం డబ్బాలో ఉంది, వెండి గిన్నె ఉంది..."

"వెళ్ళి మీ అమ్మగారికి వీడియో కాల్లో ఏం చూపించమంటారు, మన కిచెన్ సింకా? 'సారా అమ్మే చోట అన్నప్రాశన ఏంటమ్మా, ఇంట్లో పడుండక' అన్నారుగా. అన్నారు కాబట్టే అక్కడే చేస్తాను. ఐదు నెలల నుంచి నాలుగు గోడలు చూస్తున్నాను. నా కూతురి మొదటి ముద్ద తెల్లగుడ్డ పరిచిన బల్ల మీదే! ముహూర్తం ఒంటిగంటా పది వరకూ ఉంది. నడపండి."

మూడో తోటకి ఫోన్ చేసింది. "టేబుల్ ఫర్ టూ, అండ్ పాప! పాప ఈజ్ ఓకే?" అని అరిచింది. కోపంలో తెలుగే నోటికొచ్చింది. అవతలివాళ్ళు "నో వర్రీస్, తెల్ల గేటు..." అంటుండగానే సిగ్నల్ పోయింది.

పావుగంట తిరిగాక తెల్ల గేటు కనిపించింది. గేటుకి బెలూన్లు. లోపల బారులు తీరిన ద్రాక్షతీగలు, చెట్ల కింద రైలంత పొడుగు బల్ల, దాని మీద తెల్లగుడ్డ, చుట్టూ గ్లాసులు పట్టుకుని ముప్ఫై మంది.

"ఇదేనంటావా?" అన్నాడు ఉపేంద్ర.

"తోట ఉంది, బల్ల ఉంది, వైనుంది. ఇంకేం కావాలి మీకు, శిలాశాసనమా?"

ఆప్రన్ కట్టుకున్న ఒకావిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "ఆర్ యూ హియర్ ఫర్ పాప?"

లీల మొహం వెలిగిపోయింది. "చూశారా! ఒక్కసారి చెబితే మాట పట్టేశారు. సర్వీస్ అంటే ఇదీ! యెస్, యెస్, ఫర్ పాప!"

"లవ్లీ! పాప కుర్చీ బల్ల మొదట్లో వేశాం. పాప కేకు తర్వాత వస్తుంది."

"కేకు కూడానా!" అన్నాడు ఉపేంద్ర.

బల్ల మొదట్లో రిబ్బన్లు కట్టిన పెద్ద పేము కుర్చీ ఉంది. తెల్లమీసాల ముసలాయన ఒకాయన అందులో కూర్చోబోతున్నాడు. లీల ఒక్క అంగలో అక్కడికి చేరింది.

"సారీ అంకుల్. దిస్ ఈజ్ పాప చైర్."

ఆయన ఏదో చెప్పబోయి వేలెత్తాడు. లీల చూపు చూసి వేలు దించేసుకున్నాడు. పక్కనున్న స్టూలు మీద ఒదిగి కూర్చున్నాడు. లీల మెత్త సర్ది అక్షరని కుర్చీలో ఆనించి, డబ్బా మూత తీసింది. ఏలకుల వాసన గుప్పుమంది.

"ఓ, యూ షుడంట్ హావ్!" అంది ఆప్రన్ ఆవిడ మురిసిపోతూ.

"తేకూడదా? ఎందుకు తేకూడదు?" ఆ కేకకి చెట్టు మీది కాకటూ చిలకలు పక్క రాష్ట్రానికి ఎగిరిపోయాయి. "ఇది మా ఆచారం! ఇప్పటికి రెండు చోట్ల తలొంచుకుని వచ్చాను. ఇక్కణ్ణుంచి పోలీసులొచ్చినా కదలను. హూ ఈజ్ ది ఓనర్?"

ఆవిడ బిత్తరపోయి స్టూలు మీది ముసలాయన్ని చూపించింది.

"అయిపోయాం," అని గొణిగాడు ఉపేంద్ర. "లీలా, లేపింది ఓనర్నే."

లీల ఒక్క క్షణం తడబడింది. తర్వాత చీర కొంగు బిగించి, వెండి గిన్నె తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టింది.

"మంచిదే. అంకుల్, మాలో మొదటి ముద్ద పెద్దవాళ్ళు పెట్టాలి. పెట్టనంటారా, నా కూతురి మొహం చూసి చెప్పండి."

ముసలాయన అక్షర మొహం చూశాడు. అక్షర బోసినోటితో నవ్వింది. ఆయన స్టూలు ముందుకి జరుపుకున్నాడు. లీల చూపించినట్టే తన ఉంగరం అంచుతో పరమాన్నం తీసి బుల్లి నాలిక మీద రాశాడు. అప్పుడు టైము ఒంటిగంటా తొమ్మిది. ముప్ఫై మందీ చప్పట్లు కొట్టారు.

ఉపేంద్ర ఎత్తి పట్టుకున్న ఫోన్లో అత్తగారు శేషుకుమారి కళ్ళు పత్తికాయలంత చేసుకుని చూస్తోంది. "ఎవరమ్మా ఆ పెద్దాయన?"

"హోటల్ ఓనర్, అత్తయ్యా! స్వయంగా!"

శేషుకుమారికి పెళ్ళయ్యాక మాట పడిపోవడం అదే మొదటిసారి. లీల దర్జాగా కూర్చుని, వెళ్తున్న కుర్రాణ్ణి చిటికేసి పిలిచి, ఇంకో రెండు బ్రెడ్లు వేడిగా తెమ్మంది. అతను తెల్లబోయి, తెచ్చాడు.

ఆప్రన్ ఆవిడ ముసలాయన చెయ్యి తుడుస్తూ అడిగింది. "పుట్టినరోజు స్వీటు ఎలా ఉంది, పాపా?"

ఆయన వేలు చప్పరించి, అటూ ఇటూ చూసి, కూతురి చెవి దగ్గరికి వంగాడు.

"మన ఇల్లు హోటలెప్పుడయిందే?"