నోట్లో నువ్వుగింజ

“ఎవరికీ చెప్పకు చెల్లెమ్మా. నీ కడుపులోనే పెట్టుకో” అన్నాడు కటింగ్ మాస్టారు, గొంతు తగ్గించి.

గుండీలు కుట్టే రేడియో పిన్ని చేతిలో సూది ఆగిపోయింది. “అయ్యో! ఏమైంది అన్నయ్యా?”

“సోమవారం నాకు ఆపరేషన్. కడుపులో గడ్డ. పెద్దాసుపత్రిలో.”

“మరి తోడెవరు?”

“ఎవరున్నారు?” అని నవ్వబోయాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. గబుక్కున కత్తెర తీసుకుని తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

రహస్యం చెప్పుకోవడానికి మాస్టారికి ఆ కుట్టు కార్ఖానాలో ఇంకెవరూ దొరకలేదా అంటే, దొరక్క కాదు. కావాలనే ఆమెను పట్టుకున్నాడు. ఇంగ్లీషులో ‘బిగ్ మౌత్’ అంటే ఏమిటని ఒకసారి ఎవరో అడిగితే, సూపర్‌వైజరు వివరించడం దండగనుకుని ఈవిడను చూపించాడు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు; ‘రేడియో’ అనే పేరు అందుకే వచ్చింది. పొద్దున ఇస్త్రీ బల్ల దగ్గర తుమ్మితే, మధ్యాహ్నానికి గేటు దగ్గర వాచ్‌మన్ “జలుబు తగ్గిందా?” అని అడుగుతాడు. మాస్టారేమో తోడు రమ్మని చచ్చినా ఎవర్నీ అడిగే రకం కాదు. ఆమె చెవిన వేస్తే ఎవరో ఒకరు వాళ్లంతట వాళ్లే వస్తారు, తన పరువూ నిలుస్తుంది అనుకున్నాడు. మిగతావాళ్లకు మాత్రం ఊరెళ్తున్నానని చెప్పి సెలవు పెట్టాడు.

సోమవారం ఆయన మంచం పక్కన స్టూలు ఖాళీగానే ఉంది. మత్తుమందు ఇచ్చే ముందు నర్సు “మీవాళ్లేరి?” అంది. “దారిలో ఉన్నారమ్మా” అన్నాడు. మెలకువ వచ్చాక ముందు ఆ స్టూలు వంకే చూశాడు. సాయంత్రం పక్క మంచం వాళ్లు, చుట్టాలు కూర్చోవడానికి చోటు చాలక, దాన్ని అడిగి పట్టుకుపోయారు. తలుపు చప్పుడైనప్పుడల్లా మాస్టారు దుప్పటి సర్దుకునేవాడు. వారమంతా అంతే. ఇన్నేళ్లు పక్కపక్కన పనిచేసినవాళ్లు, తెలిసి కూడా ఒక్కరూ తొంగిచూడలేదు. ఆ బాధ ముందు కుట్లు సలపడం ఏపాటిది!

మళ్లీ పనిలో చేరిన రోజు ఎవరి మొహమూ చూడకుండా బల్ల దగ్గరికి నడిచాడు.

“ఊరెళ్లొచ్చారా మాస్టారూ? బాగా చిక్కిపోయారే!” అన్నాడు ఇస్త్రీ చేసేవాడు.

ఏం నటన! మాస్టారికి ఒళ్లు మండింది. విసురుగా కత్తెర అందుకున్నాడు.

అంతలో రేడియో పిన్ని గబగబా వచ్చింది. అటూ ఇటూ చూసి ఆయన చెవి దగ్గరికి వంగింది. ఆమె మొహం వెలిగిపోతోంది.

“ఒక్క నరమానవుడికీ చెప్పలేదు అన్నయ్యా! చూడ్డానికి వద్దామని ప్రాణం ఎంత కొట్టుకుందో. ఎక్కడికెళ్లావని ఎవరైనా అడిగితే నోరు జారుతుందేమోనని ఆ ఆసుపత్రి వీధి వైపే రాలేదు. నన్ను నమ్మి రహస్యం చెప్పింది, నా బతుకులో, నువ్వొక్కడివే!”