చుక్కలు వేయని తోడు

పెరుగును చంపే వైరస్ తన డీఎన్ఏకు పంచదార పూత పూసుకుని వస్తుంది. తోడులోని సూక్ష్మజీవులు దాన్ని పోల్చుకోలేక చచ్చిపోతాయి. ఆ పూత పూసే ఎంజైమును స్ఫటికంగా మార్చి, దాని ఆకారం చూసి, దానికి అడ్డుపడే చుక్కలమందు చేశారు. ఇప్పుడు తెనాలిలో అది లేని వంటిల్లు లేదు.

"అమ్మ తోడుకు మందేమిటి!" అని హైమావతి మాత్రం వేయలేదు. ఈ పొద్దున గిన్నెలో పాలు పాలుగానే ఉన్నాయి. పోయిన అమ్మ మిగిల్చిన రుచి కాస్తా పోయింది.

దీపాలు పెట్టాక, సిగ్గుపడుతూనే పక్కింటి గుమ్మం ఎక్కింది.

"కాస్త తోడుంటే ఇస్తావా, వదినా?"

"దీపాలు పెట్టాక ఉప్పూ తోడూ ఇవ్వకూడదని, మొన్న ఉప్పుకొస్తే నన్ను తిప్పి పంపింది నువ్వేగా!" అంది శేషారత్నం.

హైమావతి వెనుదిరిగింది.

"ఆగు. ఇది నేనిచ్చేది కాదులే. నిరుడు మీ అమ్మ పోసిన తోడే, చుక్కలేసి కాపాడుకొస్తున్నా. నీది నువ్వు పట్టుకెళ్తే తప్పేముంది?"