చిన్నబియ్యం

గంజి వారుస్తూ పాపాయమ్మ తూలింది.

కుండ చేజారేలోగా వెనకనుంచి రెండు చేతులొచ్చి పట్టుకున్నాయి.

"కూచుని చేసుకో చెల్లెమ్మా. కూచుంటే కుండేం అలగదు."

దొడ్డి గుమ్మంలోంచి వచ్చిందామె. ముతక చీర, సగం నెరిసిన తల, మొహంలో నెత్తురు చుక్క లేదు. పాపాయమ్మ ఆ పల్లెలో ఎప్పుడూ చూసిన మనిషి కాదు.

"ఎవరక్కా నువ్వు?"

"దారిన పోయేదాన్ని. నిన్ను చూసి కాళ్ళు ఆగిపోయేయి."

ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజులవి. పాపాయమ్మ మొగుడు నూకరాజు పడవేసుకుని అక్కడికి రాళ్ళు మొయ్యడానికి పోయాడు. కాట్రేనికోన పక్క పల్లెలో, ఆ ఇంట్లో మిగిలింది అత్తా కోడలూ. అత్త అచ్చియ్యమ్మ తెల్లారగానే చేపల తట్ట నెత్తినెట్టుకుని పోతే, మళ్ళీ పొద్దుగూకేకే రావడం.

నిరుడు పాపాయమ్మకి చలిజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ ఒంట్లో సత్తువని వెంటబెట్టుకు పోయింది. బిందెడు నీళ్ళు తెస్తే పూటంతా పడుకోవాలి. చూసేవాళ్ళకి మాత్రం మనిషి నిక్షేపంలా ఉంది. పుండు లేదు, వాపు లేదు. అలాంటి రోగాన్ని లోకం బద్ధకం అంటుంది. లోకానికేం, ఎన్నైనా అంటుంది.

అత్తగారు ముందే చెప్పేసింది.

"మొదటి కోడలూ ఇలాగే మంచానికి అంటుకుపోయేది. పుట్టింటికి తోలేశాం. అబ్బాయొచ్చేనాటికి నువ్వు లేచి వండి వడ్డించకపోతే నిన్నూ అలాగే పడవెక్కిస్తాను."

ఎక్కిస్తే ఎక్కడ దిగాలి? పాపాయమ్మ పుట్టిల్లు ఉప్పెనలో మనుషులతో సహా కొట్టుకుపోయింది.

ఆ మాట చెప్పుకుని కొత్తామె ముందు ఏడ్చింది.

ఆమె ఓదార్చలేదు. పీట లాక్కుని కూచుంది.

"ఆ చాటలోవి ఏంటి?"

"చిన్నబియ్యం అక్కా."

నూకల్ని నూకలనడానికి పాపాయమ్మకి వీల్లేదు. మొగుడు నూకరాజాయె! పెనిమిటి పేరు పెళ్ళాం నోట పలికితే ఆయుక్షీణం. ఆ మాట తప్పించుకోడానికి ఆమె పడే పాట్లు చూసి వీధి వీధంతా నవ్వేది.

కొత్తామె నవ్వలేదు.

"మనబోటివాళ్ళకి చిన్నబియ్యమే మంచిది. బేగి ఉడుకుద్ది," అంది.

తనకి తోడుగా అలా అంటోంది కాబోలని పాపాయమ్మ మురిసిపోయింది.

ఆ నాటినుంచి అచ్చియ్యమ్మ తట్ట వీధి మలుపు తిరగడమే తడవు, ఆమె దొడ్డి గుమ్మంలో ఉండేది.

"మునగాకు నిలబడి దుయ్యకు. పడుకుని దుయ్యి."

"అన్నానికో కుండ, కూరకో కుండ ఎందుకు? పెసరపప్పు, ఆకు, గుప్పెడు ఎండురొయ్యలు, అన్నీ చిన్నబియ్యంలోనే పడెయ్యి. గంజి వార్చకు. బలమంతా అందులోనే పోద్ది."

"పొయ్యి ఊదుతూ కూచోకు. కొబ్బరి డొక్కల నిప్పుమీద బూడిద కప్పి, కుండ పెట్టి, నువ్వెళ్ళి పడుకో. అదే ఉడుకుద్ది. బూడిద కింద నిప్పు మర్నాటిదాకా ఉంటాది."

"అలిసేక ఆగడం కాదు చెల్లెమ్మా. అలవకముందే ఆగు."

"ఇలా చేస్తే నాకు తగ్గుద్దా అక్కా?"

"తగ్గదు," అంది ఆమె. "వంట మాత్రం అవుద్ది."

మాట మాటకీ నడుమ పొయ్యి పక్కనే వట్టి నేలమీద వాలి కళ్ళు మూసుకునేది. అక్కకి కాస్త బద్ధకం ఎక్కువే అనుకుంది పాపాయమ్మ. ఆ మాట తననూ అంటారని అప్పుడు గుర్తుకే రాలేదు.

నూకరాజు పడవ సాయంత్రానికి రేవు చేరుతుందని కబురొచ్చింది.

ఆ పూట పాపాయమ్మ ఒక్కతే వండింది. మూత తీస్తే ఆవిరి కమ్మగా తగిలింది.

"ఇంక నీకు పర్లేదు," అంది ఆమె.

"అక్కా, ఇంక నువ్వు రాకు. ఇంకొకరి చెయ్యి పడిందని తెలిస్తే మా అత్త నన్ను బతకనివ్వదు."

"ఆయ్."

కొంగు భుజాన సర్దుకుంది.

"రేవులో కాసేపు కూచుని, పడవ రావడం చూసి పోతానమ్మా."

"వద్దక్కా! ఎవరన్నా ఆరా తీస్తే? ఇప్పుడే వెళ్ళిపో."

"ఆయ్," అంది మళ్ళీ. గుమ్మం పట్టుకుని మెల్లగా లేచి వెళ్ళిపోయింది. తినమని కూడా పాపాయమ్మ అనలేదు.

నూకరాజు అడిగి మరీ వేయించుకున్నాడు. అత్తగారికి వంక దొరకలేదు.

"నూకలు ఇంత బాగా వండడం ఎవరు నేర్పేరే నీకు?"

"ఎవరూ లేరండత్తా. నాకే వచ్చింది."

నూకరాజు ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు ఆగాడు. మళ్ళీ తిన్నాడు.

తెల్లవారి రేవులో గోల.

"ఎవత్తో దిక్కులేనిదంట, పడవ చాటున పోయి ఉంది. దానికి ఈ ఊళ్ళో చెల్లేయి నూకలు," అని అచ్చియ్యమ్మ తట్టెత్తుకుని తన దారిన పోయింది. శవాన్ని లేవదీయడానికి నూకరాజు వెళ్ళాడు.

అది అక్కేనని పాపాయమ్మకి తెలిసిపోయింది. పొమ్మన్నాను కదా, ఎందుకు పోలేదు? తినమనైనా అనలేదే!

పరుగెత్తి చూడాలనిపించింది. రేవుదాకా నడిస్తే ఇంక పొయ్యి దగ్గర కూచోడానికి ఒంట్లో ఏమీ మిగలదు. ఏడుస్తూనే పీట లాక్కుని చాట ముందేసుకుంది.

నూకరాజు తడిబట్టలతో తిరిగొచ్చి దొడ్డి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఎవరండీ ఆవిడ?" ఎరగనట్టే అడిగింది.

అతను ఆమెకేసి చూడలేదు. చాటలోని చిన్నబియ్యం కేసి చూశాడు.

"బూడిద కింద నిప్పుంటే కొత్తకుండలో వేసి ఇయ్యి," అన్నాడు. "దాని తలకొరివి నేనే పెట్టాలి."