పది లక్షల జల్లెడలు

"రిపోర్టు బాగుంటేనే ఉప్పుచేప. లేదంటే ఈ జన్మకి మీకు చప్పిడి బీరకాయేనండి!" అని తేల్చేసింది తబిత.

రాజరత్నం ప్రాణం ఉసూరుమంది. బీపీ వచ్చి ఏళ్లయినా, ఆదివారం చర్చి నుంచి రాగానే పప్పుచారులోకి ఉప్పుచేప లేనిదే ఆయనకి ముద్ద దిగదు.

తబిత హైస్కూల్లో సైన్సు టీచరు. మొగుడి మూత్రపరీక్షని కూడా పాఠం చెప్పకుండా వదల్లేదు.

"కిడ్నీలో ఏముంటాయనుకున్నారు? సన్నని రక్తనాళాలు ఉండలు చుట్టుకుని ఉంటాయండి. ఒక్కో కిడ్నీలో పది లక్షల దాకా. ఒక్కో ఉండా ఒక జల్లెడ. నెత్తురు అందులోంచి పోతుంటే నీరూ, మలినాలూ కిందికి దిగిపోతాయి. ప్రొటీను పైనే ఆగుతుంది. జల్లెడ పాడైందా, అదీ కారిపోతుంది. నొప్పుండదు, ఏమీ తెలీదు. మనిషి మాత్రం దుక్కలా తిరుగుతుంటాడు."

"ఆ దుక్క నేనేరా" అన్నాడు రాజరత్నం, పండక్కి పిలవకపోయినా వచ్చే బావమరిది రమేష్ బాబుతో.

రమేష్ బాబు పకపకా నవ్వాడు. రావులపాలెం మార్కెట్లో రెండు భుజాల మీదా చెరో అరటిగెల వేసుకుని లారీకెక్కించే మనిషి. జ్వరం ఎలా ఉంటుందో కూడా ఎరగడు.

"బావకేం కాదక్కా. రిపోర్టు కడిగిన ముత్యంలా వస్తుంది, చూడు. పందెం!"

శనివారం పొద్దున్నే తబిత సీసా చేతికిచ్చింది. పెరట్లో బాత్రూమ్ దగ్గర బావా బావమరుదులు నువ్వు ముందంటే నువ్వు ముందని కాసేపు గొడవపడ్డారు. చివరికి రాజరత్నం ఈల వేసుకుంటూ సీసా తెచ్చి ఇచ్చాడు. దాన్ని తబితే స్వయంగా ల్యాబులో ఇచ్చి వచ్చింది.

ఆదివారం మధ్యాహ్నం. ముగ్గురూ భోజనాలకి కూర్చున్నారు. ఇల్లంతా తమ్ముడి కోసం తబిత చేసిన ఉప్పుచేప వేపుడు వాసన. ఇంకా రిపోర్టు రాలేదు కదా అని రాజరత్నం ముందే ఓ ముక్క వడ్డించుకున్నాడు.

అప్పుడే తబిత ఫోన్లోకి ల్యాబు రిపోర్టు వచ్చింది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. మళ్లీ చదివింది.

"ప్రొటీను ఇంత పోతోందేంటండీ! జల్లెడలు బాగా దెబ్బతిన్నట్టున్నాయి. ఆలస్యం చేయకుండా డాక్టరుగారికి చూపించమంటున్నారు."

భర్త కంచంలోని ముక్క తీసి తమ్ముడి కంచంలో వేసింది.

"నువ్వు తిను తమ్ముడూ. ఈయనకింక పత్యమే."

రమేష్ బాబు చేతిలో ముద్ద నోటి దాకా వెళ్లలేదు. బావ మొహంలోకి చూస్తూ ఉండిపోయాడు.

రాజరత్నం మెల్లగా చెయ్యి చాచి అతని కంచం తన వైపు లాక్కున్నాడు.

"ఇంకా ఆ చేప మీద ఆశేనా మీకు? నేనేమైపోతానో అని లేదా?" తబిత ఏడ్చేసింది.

"పత్యం నాక్కాదే, వీడికి. నిన్న ఆ సీసా నింపి ఇచ్చింది వీడే."